వెన్ను నీరు చెప్పే మాట ఎవరిది?



గత నెలలో మా సంఘంలో స్త్రీల కూడిక ముగిసిన తర్వాత ఒక సహోదరి నన్ను పక్కకు పిలిచి, "అన్నా, మా అత్తగారికి వెన్నులోనుండి నీళ్లు తీసి పరీక్ష చేయాలంటున్నారు. సంతకం పెట్టమంటున్నారు. అట్లా తీస్తే కాళ్లు పడిపోతాయంట గదా?" అని అడిగింది. నేను ముప్పై యేండ్లకు పైగా బెంగుళూరులో ఆసుపత్రి ల్యాబుల్లో పనిచేసి రిటైరైనవాడను గనుక నన్నడిగింది. నిలబడినచోటనే జవాబు చెప్పి పంపాను. ఆమె సంతకం పెట్టిందని తర్వాత తెలిసింది. కాని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇదే ప్రశ్న 1979లో మా పిన్ని నన్నడిగింది. అప్పుడు నేనిచ్చిన జవాబు వేరు.

ముందుగా ఆ నీటి సంగతి చెబుతాను. మన మెదడు, వెన్నుపాము పొడిగా ఉండవు. వాటి చుట్టూ నీటివంటి ద్రవం ఉంటుంది. పుస్తకాల్లో దీనిని మస్తిష్క మేరు ద్రవం అంటారు. ఆసుపత్రిలో సి.ఎస్.ఎఫ్. అంటారు. మన ఇండ్లలో వెన్ను నీరు అంటాము. పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు ఉంటుంది, అనగా ఒక టీ గ్లాసెడు. కాని శరీరం రోజుకు దాదాపు 500 మిల్లీలీటర్లు తయారు చేస్తూనే ఉంటుంది, పాతది రక్తంలోకి ఇంకిపోతూ ఉంటుంది. పరీక్షకు 10 మిల్లీలీటర్లు తీసినా అరగంటలో అది మళ్లీ నిండుతుంది. "ఉన్న నీళ్లన్నీ తీసేస్తే మనిషి ఏమవుతాడు" అని భయపడేవారికి ఈ లెక్క చెబితే చాలామంది కుదుటపడతారు.

ఇక కాళ్ల సంగతి. వెన్నుపాము మనం అనుకున్నట్లు నడుము కిందివరకు ఉండదు. పెద్దవారిలో నడుములోని మొదటి, రెండవ పూసల దగ్గర అది ముగుస్తుంది. అక్కడినుండి కిందికి నరాలు గుర్రపు తోకవలె విడివిడిగా నీటిలో వేలాడుతుంటాయి. సూది వేసేది మూడు నాలుగు పూసల మధ్యగాని, నాలుగు ఐదు పూసల మధ్యగాని. నీటిలో తేలే దారాన్ని సూదితో పొడవబోతే అది పక్కకు జరిగినట్లు ఆ నరాలు జరుగుతాయి. జర్మనీలోని కీల్ నగరంలో క్వింకే అనే వైద్యుడు 1891లో ఈ పద్ధతిని చూపించాడు. నూట ముప్పై యేండ్లు దాటింది.

అయితే ఏ ప్రమాదమూ లేదని చెబితే అదీ అబద్ధమే. కొందరికి తర్వాత తలనొప్పి వస్తుంది, లేచి కూర్చుంటే ఎక్కువవుతుంది. సన్నని సూదులు వచ్చిన తర్వాత అది తగ్గింది. మెదడులో గడ్డ ఉండి లోపలి ఒత్తిడి పెరిగినవారికి ఈ సూది నిజంగానే ప్రాణాపాయం, అందుకే అనుమానం ఉంటే ముందు స్కానింగు తీస్తారు. రక్తం గడ్డకట్టనివారికి, సూది వేసేచోట చర్మంపై పుండు ఉన్నవారికి వేయరు. ఇవి డాక్టరు చూసుకోవలసినవి. అడిగే హక్కు మనకుంది.

1979కి వస్తాను. మా పిన్నివాళ్లది కోలారు గనులు. చిన్నాన్న ఛాంపియన్ రీఫ్ గనిలో దిగేవాడు. నేను బెంగుళూరులో పి.యు.సి. చదువుతున్నాను, నాకు పదహారేండ్లు. ఒకరోజు తెల్లవారుజామున మారికుప్పం రైలుకు బయలుదేరి వాళ్ల నాలుగేండ్ల పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. పదిహేను రోజులుగా జ్వరం, వాంతులు, ఎవరైనా ఎత్తుకుంటే విసుగు, ఎప్పుడూ నిద్రమత్తు. పిన్నికి తెలుగు, గనుల దగ్గరి అరవం తప్ప వేరే భాష రాదు. డాక్టరుగారు కన్నడం ఇంగ్లీషు కలిపి మాట్లాడారు. మధ్యలో నేను.

ఆయన చెప్పినది ఇది: "మెదడు పొరలకు వాపు వచ్చిందని అనుమానం. నీళ్లు తీసి చూస్తేగాని ఏ రకమో తెలియదు, రకాన్నిబట్టి మందు మారుతుంది. పిల్లవాడు ఏడుస్తాడు. ఇబ్బందులు చాలా అరుదు." నేను పిన్నితో చెప్పినది ఇది: "వెన్నులో పెద్ద సూది గుచ్చుతారంట పిన్నీ. ఇబ్బందులు రావచ్చునంట." చాలా అరుదు అనే రెండు మాటలు నా నోటినుండి రాలేదు. మర్చిపోయి కాదు. వరండాలో చిన్నాన్న అప్పుడే అన్నాడు, మా లైన్లలో ఒకరి కొడుక్కి ఇట్లాగే గుచ్చినారు, కాలు చచ్చుబడింది అని. నా మాట నమ్మి ఒప్పుకొని, రేపు ఏదైనా జరిగితే బంధువులందరూ నన్నే అంటారని భయపడ్డాను. ఒప్పుకోకపోతే నన్నెవరూ అనరు. ఆ లెక్క పదహారేండ్ల వాడి మనసులో ఎంత తొందరగా జరిగిపోయిందో ఇప్పుడు తలచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది.

"ఏమి చేద్దాం నాయనా, కాళ్లు పడిపోతాయంటనా?" అని పిన్ని నన్నే అడిగింది. "నాకేం తెలుసు పిన్నీ, మీ ఇష్టం" అన్నాను. పిల్లవాణ్ణి ఇంటికి తీసుకొనిపోయారు. ఆరవ రోజున స్పృహ లేకుండా తిరిగి తీసుకొచ్చారు. అప్పుడు నీళ్లు తీశారు. చూడటానికి దాదాపు తేటగానే ఉన్నాయట, కాని సీసాను కదల్చకుండా ఉంచితే లోపల సాలెగూడు వంటి పొర కట్టింది. అది క్షయ వలన వచ్చే మెదడు పొరల వాపుకు పేరుపడ్డ గుర్తు. స్ట్రెప్టోమైసిన్ సూదులు, మాత్రలు, నెలల తరబడి వైద్యం జరిగింది. పిల్లవాడు బ్రతికాడు. ఎడమ చేయి, ఎడమ కాలు సరిగా రాలేదు. మాట నెమ్మది.

ఆ ఆరు రోజులే దీనికంతటికీ కారణమని ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. ఆయనకు అప్పటికే పదిహేను రోజుల జ్వరం. కాని బ్రిటన్ వైద్య పరిశోధనా మండలి 1948లోనే ఈ జబ్బును మూడు దశలుగా విభజించింది. స్పృహ చక్కగా ఉండగా మందు మొదలైనవారి గతి వేరు, స్పృహ పోయాక మొదలైనవారి గతి వేరు. తమ్ముడు మొదటిసారి వచ్చినప్పుడు నన్ను చూసి నా జేబులోని పెన్ను అడిగాడు. రెండవసారి నన్ను గుర్తుపట్టలేదు. నేను ల్యాబు కోర్సులో చేరటానికి కారణం ఇదేనని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట. చిన్నాన్నది మూఢత్వమని కొట్టిపారేయటం నాకిష్టం లేదు. ఆయన చూసినది నిజమే. లైన్లలో ఆ సూది వేయించుకున్న పిల్లలలో కొందరు చనిపోయారు, కొందరి కాళ్లు చచ్చుబడ్డాయి. అయితే అంత ప్రమాదకరమైన జబ్బు ఉందని అనుమానించినవారికే గదా ఆ సూది వేస్తారు! కీడు చేసింది జబ్బు, కండ్లకు కనబడింది సూది. గనిలో ఇరవై యేండ్లు పనిచేసి, కండ్లతో చూసినదాన్నే నమ్మి ప్రాణం కాపాడుకుంటూ వచ్చిన మనిషిని చూసినది నమ్మవద్దని ఒప్పించటానికి ఓపిక కావాలి, ఆయన భాష కావాలి. ఆ రోజు భాష ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే. మరొకటి, అప్పట్లో చిన్నాన్న దగ్గును ఎవరమూ పట్టించుకోలేదు. గని దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకున్నవారికి క్షయ తొందరగా అంటుకుంటుంది. పసిపిల్లకు ఈ జబ్బు వస్తే ఇంట్లో పెద్దలలో ఎవరు దగ్గుతున్నారో వెతకాలి. ఆయనకు క్షయ ఉందని రెండేండ్ల తర్వాత బయటపడింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పరీక్ష వద్దనే హక్కు మనిషికి ఉన్నదా? తన శరీరం విషయంలో ఉన్నది. రోగి స్పృహలో ఉండి, ఆలోచించగల స్థితిలో ఉంటే ఆ రోగి సమ్మతే కావాలి, తల్లి సంతకం చాలదు అని మన సుప్రీం కోర్టు 2008లో ఒక స్త్రీ కేసులో తీర్పు చెప్పింది. కాని పిల్లవాని తరఫున సంతకం పెట్టేటప్పుడు మనం వాడుకునేది మన హక్కు కాదు, వాని హక్కు. నా భయాన్ని నేను మోయవచ్చు, నా భయానికి కూలి పిల్లవాడు చెల్లించటం న్యాయం కాదు. ఇంతవరకు తేలికే. మధ్యలో నిలబడి మాట అటూ ఇటూ మోసేవాని సంగతి అంత తేలిక కాదు.

మనవంటి వలస కుటుంబాలలో ఈ పని ఎవరు చేస్తారో చూడండి. బెంగుళూరులో గాని, షోలాపూరులో గాని, బరంపురంలో గాని, మన పెద్దలకు స్థానిక భాష బజారు వరకు వస్తుంది. సమ్మతి పత్రం చదివేంత రాదు. కాన్వెంటులో చదివే పదమూడేండ్ల మనుమరాలిని నిలబెట్టి, అవ్వకు వచ్చిన జబ్బు పేరును ఆ పిల్ల నోటితో చెప్పిస్తాము. ఆ పిల్ల కొంత మింగుతుంది, కొంత కలుపుతుంది. దయతో చేసినా, భయంతో చేసినా, నిర్ణయం మాత్రం అక్కడే జరిగిపోతుంది. సంతకం పెట్టేవారికి తాము నిర్ణయించామని అనిపిస్తుంది, నిజానికి వారికి చేరిన మాటలే నిర్ణయించాయి. నేను అబద్ధం చెప్పలేదు. ఇబ్బందులు రావచ్చన్నది డాక్టరుగారి మాటే. రెండు మాటలు తగ్గించాను, అంతే. నిజంలో ముక్క తీసి ఇవ్వటం అబద్ధంకంటె తక్కువ తప్పని నాకిప్పటికీ నమ్మకం కలగలేదు.

ల్యాబులో కూడా ఇదే ధర్మం వేరే రూపంలో ఎదురవుతుంది. ఆరోగ్యవంతుని వెన్ను నీరు కుళాయి నీటివలె తేటగా ఉంటుంది. ఒక ఘన మిల్లీమీటరుకు తెల్లకణాలు ఐదుకు మించవు. చక్కెర, రక్తంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులు ఉంటుంది. చీము పుట్టించే క్రిములు చేరితే నీరు కలకబారుతుంది, కణాలు వందలు వేలు అవుతాయి, చక్కెర పడిపోతుంది. వైరస్ అయితే చక్కెర సాధారణంగా తగ్గదు. ఇవన్నీ చెప్పగలం, కాని సీసా వెంటనే చేతికి వస్తేనే. రెండు గంటలు గడిస్తే ఆ కణాల్లో చాలా భాగం విచ్చిపోతాయి. ఆ తర్వాత లెక్కపెట్టి అంకె వేస్తే అది తక్కువ అంకె, దానికింద సంతకం నాది. భోజనానికి లేచే సమయంలో, చేతులు వణుకుతూ ఒక తండ్రి సీసా తెచ్చి కిటికీలో పెడతాడు. ఒకసారి ఒకాయన పాడైపోతుందేమోనని దారిలో ఐసు కొని, దానిలో పెట్టి తెచ్చాడు. కల్చరుకు వెళ్లవలసిన నీరు చల్లబడితే కొన్ని క్రిములు చచ్చిపోతాయి, రోగం దొరకదు. ఆయన ప్రేమతోనే చేశాడు. ఎట్లా తేవాలో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మనకు దగ్గరి సంగతి ఇంకొకటి. జపనీస్ మెదడువాపు జబ్బు మన దేశంలో మనుషుల్లో మొదట 1955లో వేలూరు ప్రాంతంలో తేలింది. 2016లో ఒడిశా మల్కనగిరిలో పిల్లలు ఎంతోమంది పోయారు. వెన్ను నీటిలో దాని గుర్తు దొరికితే రోగం ఖాయమవుతుంది, కాని దాని వైరస్‌ను చంపే మందు లేదు. అయినా ఆ పరీక్ష వృథా కాదు. ఒక పిల్లవాని నీరు చెప్పిన మాటవలన పక్క ఊరి పిల్లలకు టీకా వస్తుంది. ఆ మాట పిల్లవానికి పనికిరాలేదు, ఇతరులకు పనికివచ్చింది. అటువంటప్పుడు సమ్మతి ఎవరి మేలు కోసం అడగాలి? చెప్పి అడగాలనే నేనంటాను. అడిగితే మన తల్లులు కాదనరు.

పనికిరాని తెలివి అనే మాట వచ్చింది గనుక మా మేనమామ సంగతి చెప్పాలి. ఆయనకు ఎనభై దగ్గర. చాలాకాలం సంఘపు లెక్కలు చూశారు. 2024లో నడక మారింది. పాదాలు నేలకు అంటుకున్నట్లు నడిచేవారు, మూత్రం ఆపుకోలేకపోయేవారు, పేర్లు మర్చిపోయేవారు. బి12, థైరాయిడ్ పరీక్షలు బాగానే ఉన్నాయి. స్కానింగులో మెదడు లోపలి గదులు నీటితో పెద్దవై కనిపించాయి. 1965లో హకీం, ఆడమ్స్ అనే వైద్యులు వర్ణించిన ఒక జబ్బు ఉంది, దానిలో ఈ మూడు లక్షణాలూ కలిసి వస్తాయి. వెన్ను నీరు 30 నుండి 50 మిల్లీలీటర్లు తీసి, తీయకముందు తీసిన తర్వాత నడిపించి చూస్తారు. నడక బాగుపడితే గొట్టం అమర్చే ఆపరేషను ఫలించవచ్చు. అదే నీటిలో ఇంకొకటి కూడా చూడవచ్చునని డాక్టరుగారు చెప్పారు. అల్జీమర్స్ జబ్బులో అమిలాయిడ్ అనే మాంసకృత్తి మెదడులో గడ్డకట్టి, నీటిలో తగ్గిపోతుంది, టావ్ అనేది నీటిలో పెరుగుతుంది.

కుమారులిద్దరూ ఫోనులో నన్ను బ్రతిమాలారు. "బావా, నాన్నకు ఏమీ చెప్పవద్దు. నడుము నొప్పికి సూది అని తెలుగులో నువ్వే చెప్పు. రెండు పరీక్షలూ చేయించు. రిపోర్టు మాకు పంపు." మళ్లీ మధ్యలో నేనే! ఈసారి అరవై దాటినవాణ్ణి. చెప్పలేనన్నాను. మామయ్య దగ్గర కూర్చుని ఉన్నది ఉన్నట్లు చెప్పాను. ఆయన చాలాసేపు గోడవైపు చూసి, "ఒరే అల్లుడూ, ఆ నీళ్లు చెప్పేది ముందు ఎవరితో చెబుతాయిరా?" అన్నారు. "నీతోనే" అన్నాను. "రెండోదానికి మందుందా?" అమెరికాలో 2023లో ఒకటి, 2024లో ఒకటి అనుమతి పొందాయనీ, అవి జబ్బును కొంత నెమ్మది చేస్తాయేగాని ఆపవనీ, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం వస్తాయనీ చెప్పాను. ఆయన అన్నారు: "నడక సంగతి చూడండి. రెండోది సీసాలోనే ఉండనీయండి."

కుమారుల పక్షం నాకు అర్థం కాకపోలేదు. సేవ చేయవలసింది వాళ్లు, ఖర్చు వాళ్లది, ముందు తెలిస్తే ఏర్పాట్లు చేసుకోవచ్చు. సీసాలో నీరు మిగిలే ఉంది, ఆయనకు ఇంకొక సూది నొప్పి కూడా లేదు. పరీక్ష చేయిస్తే ఆయనకు తెలిసేదే కాదు. నాకు తెలిసిన ల్యాబు, ఒక మాట అంటే అయిపోయేది. సేవ చేయటానికి ఆయనను చూస్తే చాలు, జబ్బు పేరు అక్కరలేదు అని నాకు నేను వాదించుకున్నాను. ఆ వాదం పూర్తిగా నిలుస్తుందా? సంఘపు చెక్కులమీద ఆయన సంతకం నడుస్తున్నది గదా, సంఘానికి తెలియవలసిన పని లేదా? ఈ చిక్కు నేను విప్పలేదు. ఆయనే విప్పారు. ఆసుపత్రికి వెళ్లే ముందు ఆదివారం లెక్కల పుస్తకాలు, బీరువా తాళాలు కార్యదర్శిగారికి అప్పగించి, "మరుపు వస్తున్నది, చూసుకోండి" అన్నారు. ఆ మాటకు ఏ పరీక్షా కావలసి రాలేదు.

నీరు తీసిన మరునాడు ఆయన వరండాలో నడిచిన తీరు చూసి నర్సమ్మ నవ్వింది. ఆపరేషను జరిగింది. ఇప్పుడు చేతికర్రతో తానే నడుస్తున్నారు. మరుపు అట్లాగే ఉన్నది, కొంచెం పెరిగింది. రెండో పరీక్ష జరగలేదు. పెద్ద కుమారుడు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉంటాడు.

పిన్ని 2006లో పోయింది. ఆమెకు నేను ఆ రెండు మాటల సంగతి చెప్పలేదు. చెబితే ఎవరి మనసు తేలికయ్యేది, ఆమెదా నాదా అని ఆలోచిస్తూనే కాలం గడిపాను. ఈ వ్యాసం సంపాదకులకు పంపేముందు తమ్మునికి చదివి వినిపించాను. వానికిప్పుడు యాభై యేండ్లు. ఛాయా గ్లాసు కుడి చేత్తో పట్టుకొని చివరివరకు విన్నాడు.

"అన్నా, అప్పుడు నీకెన్నేండ్లు?" అన్నాడు.

"పదహారు" అన్నాను.

"నాకు ఆ పెన్ను గుర్తుంది. నీలం రంగుది" అన్నాడు. కాసేపటికి, "ఇచ్చినావా మరి?" అని అడిగాడు. నాకు జ్ఞాపకం లేదు.